పీఎస్5 ఆట చూపించి పీఎస్4 తరం ఆట అమ్మారు: మీ పోలిక పేజీపై ఫిర్యాదు

కడప

గౌరవనీయులైన గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: ఎన్‌బీఏ 2కే24 పీసీ కోడ్‌ను తప్పు వివరాలతో అమ్మడం, డబ్బు వాపసు ఇవ్వబోమనడం గురించి.

నమస్కారం. నేను కడపలో ఒక బాలికల జూనియర్ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేస్తున్నాను. మా బాస్కెట్‌బాల్ జట్టు కోసం మీ వెబ్‌సైట్‌లో ఎన్‌బీఏ 2కే24 అనే వీడియో గేమ్ పీసీ కోడ్, అంటే కంప్యూటర్‌లో ఆడే వెర్షన్ కోడ్ కొన్నాను. ఎన్‌బీఏ అంటే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్. ఆ డబ్బు నా ఒక్కదానిది కాదు. కొంత నేను వేసుకున్నాను, మిగిలింది మా పాత విద్యార్థినులు, పిల్లల అమ్మానాన్నలు తలా కొంచెం ఇచ్చారు. వాళ్లకు నేను లెక్క చెప్పాలి, నాకు మీరు జవాబు చెప్పాలి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీ దగ్గరే కొనడానికి కారణం ధర కాదు, మీరు పెట్టిన పోలిక పేజీ. ఏ బాస్కెట్‌బాల్ గేమ్ అసలు ఆటకు దగ్గరగా ఉందో చెబుతామంటూ ఎన్‌బీఏ 2కే, ఎన్‌బీఏ లైవ్ గేములను పక్కపక్కన పెట్టి ఒక్కో అంశానికి నక్షత్రాలు ఇచ్చారు. 2కే24 పీసీ అన్న వరసలో మూడు విషయాలు ప్రత్యేకంగా చూపించారు. ఒకటి ప్రోప్లే, అంటే అసలు ఎన్‌బీఏ మ్యాచ్‌ల వీడియోల నుంచి ఆటగాళ్ల కదలికలు తీసుకునే పద్ధతి. రెండోది మైఎన్‌బీఏ ఈరాస్, అంటే మ్యాజిక్ జాన్సన్, లారీ బర్డ్ కాలం నుంచో, మైకేల్ జోర్డాన్ కాలం నుంచో లీగ్‌ను మొదలుపెట్టి నడిపే అవకాశం. మూడోది ‘ది డబ్ల్యూ’, అంటే సొంతంగా ఒక అమ్మాయి ప్లేయర్‌ను తయారుచేసుకుని డబ్ల్యూఎన్‌బీఏలో, అంటే అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్‌లో కెరీర్ ఆడటం. ఫొటోలు కూడా వాటివే పెట్టారు. కొనుగోలు బటన్ ఆ ఫొటోల కిందే ఉంది.

ఈ మూడూ 2కే24లో ఉన్న మాట నిజమే. కానీ అవి టీవీకి కలిపి ఆడే కొత్త తరం గేమ్ మెషీన్లైన పీఎస్5లో, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్‌లలో మాత్రమే ఉన్నాయి. పీసీకి ఇచ్చిన 2కే24 అంతకు ముందు మెషీన్ అయిన పీఎస్4 తరానిది. 2020 చివర్లో పీఎస్5 మార్కెట్లోకి వచ్చినా 2కే21, 2కే22, 2కే23, 2కే24 నాలుగూ పీసీ మీద పాత తరం ఆటగానే వచ్చాయి. పీసీ వాళ్లకు కొత్త తరం ఆట అందింది 2024 సెప్టెంబరులో విడుదలైన 2కే25తోనే. ఇదేమీ గుట్టు కాదు, గేమ్ తయారీదారులే బయటికి చెప్పిన సంగతి. పోలిక పేజీ పెట్టి జనానికి సలహా ఇస్తున్న మీకు ఇది తెలిసి ఉండాల్సింది. తెలియకపోతే ఆ వరసను ఖాళీగా వదిలేయాల్సింది.

వీడియో గేమ్‌తో కాలేజీ జట్టుకు ఏం పని అని మీ కస్టమర్ కేర్ అబ్బాయి అడిగాడు కాబట్టి అదీ చెబుతాను. ఎండాకాలంలో కడపలో పొద్దు కాస్త పైకి వచ్చిందంటే సిమెంటు కోర్టు మీద నిలబడలేం. ప్రాక్టీస్ అంతా తెల్లవారుజామున, మళ్లీ పొద్దు వాలాకే. మధ్యాహ్నం పూట పిల్లల్ని కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చోబెట్టి ఆట గురించి చెబుతాను. హెల్ప్ డిఫెన్స్ (తోటి డిఫెండర్‌ను దాటి ఎదుటివాళ్లు వచ్చినప్పుడు సాయానికి వెళ్లడం) అంటే ఏమిటో బోర్డు మీద గుండ్రాలు, బాణాలు గీసి ఎంత చెప్పినా కొందరికి ఎక్కదు. అదే గేమ్ పెట్టి, ఎదుటి టీమ్ అమ్మాయి బేస్‌లైన్ వైపు దూసుకెళ్లిన క్షణంలో ఆపి, రీప్లేలో కెమెరాను పైకి లేపి చూపిస్తే అవతలి పక్క డిఫెండర్ ఎన్ని అడుగులు లోపలికి జరగాలో వాళ్లకే కనబడుతుంది. పిక్ అండ్ రోల్‌లో, అంటే బంతి ఉన్నామెను కాచే డిఫెండర్‌కు ఎదుటి జట్టు అమ్మాయి అడ్డంగా నిలబడి (దీన్నే స్క్రీన్ అంటాం) తర్వాత రింగు వైపు కదిలినప్పుడు, ఆ స్క్రీన్ పైనుంచి వెళ్లాలా, కిందనుంచి వెళ్లాలా అన్నది 2కే సెట్టింగుల్లో మార్చి మార్చి చూపించొచ్చు. మాకు ఇది కాలక్షేపం కాదు, పాఠం. పాఠానికి వాడే ఆట అసలు ఆటలా ఉండాలి.

అక్కడే మీ పోలికతో నాకు పెద్ద తగువు ఉంది. మీ పేజీలో రియలిజం కింద లెక్కపెట్టినవన్నీ కంటికి కనిపించే సంగతులే: ముఖం మీద చెమట, చేతుల మీద టాటూలు, జెర్సీ ముడతలు, గ్యాలరీలో జనం. ఐదుగురిలో బంతి ఒకరి చేతిలోనే ఉంటుంది. మిగతా నలుగురు ఆ సమయంలో ఏం చేస్తున్నారన్నదే బాస్కెట్‌బాల్. దానికి మీ పట్టికలో ఒక్క గడి లేదు.

మా పాత విద్యార్థిని ఒకామె సెలవులకు వచ్చినప్పుడు తన పీఎస్4 తెచ్చి ఎన్‌బీఏ లైవ్ 19 ఆడించింది. అందువల్ల రెండు గేములూ పిల్లలతో కలిసి చూసే అవకాశం నాకు దొరికింది. లైవ్‌కు మీరు చాలా తక్కువ నక్షత్రాలు వేశారు. నేను అంత తక్కువ వేయను. ఒకరికి ఒకరు ఎదురుగా నిలబడ్డప్పుడు మొదటి అడుగు వేగం, భుజం తగిలినప్పుడు బరువు తెలియడం, డ్రిబుల్ నుంచి దిశ మార్చేటప్పుడు కాళ్ల కదలిక లైవ్ 19లో బాగున్నాయి. రియల్ ప్లేయర్ మోషన్ అని ఆ గేమ్‌కు పేరు పెట్టి చెప్పుకున్నది ఈ కదలికల గురించే. ఆ మాట ఒట్టి ప్రచారం కాదని ఆడితే తెలుస్తుంది. దాని బలహీనత వేరేచోట ఉంది. బంతి లేని నలుగురు చాలాసార్లు ఉన్నచోటే నిలబడిపోతారు. సాయానికి రావాల్సిన డిఫెండర్ ఆలస్యంగా కదులుతాడు. మా అమ్మాయిలకు నేను మానిపించాలని చూస్తున్న అలవాట్లు ఇవే.

2కే దీనికి దాదాపు తలకిందులు. బంతి లేనివాళ్లు కట్ చేస్తారు, ఒకరికొకరు స్క్రీన్ పెడతారు, మూలకు జరిగి జాగా ఇస్తారు. బలహీన పక్క రొటేషన్, అంటే బంతి లేని వైపు డిఫెండర్లు సాయానికి చోట్లు మారడం చూపించడానికి నాకు ఇంతకంటే మంచి పనిముట్టు దొరకలేదు. కానీ పీసీకి వచ్చిన పాత తరం 2కే24లో కాళ్లు నేల మీద జారుతున్నట్టుంటాయి. డ్రైవ్ చేసేవాడికి డిఫెండర్ తగలగానే ఇద్దరూ ముందే రికార్డు చేసిన ఒక కదలికలోకి వెళ్లిపోతారు. అది ముగిసేదాకా ఏ బటన్ నొక్కినా లాభం లేదు. పివట్ కాలు (బంతి పట్టుకుని తిరిగేటప్పుడు నేల మీద కదలకుండా ఉంచాల్సిన కాలు) ఎక్కడుందో, ఏ అడుగు మొదటిదో పిల్లలకు చూపించాలంటే ఈ జారుడు పెద్ద అడ్డంకి. ప్రోప్లే ఉంటే కదలికలు అసలు మ్యాచ్‌ల నుంచే వస్తాయి కాబట్టి ఈ సమస్య తగ్గుతుందన్న నమ్మకంతోనే నేను 2కే24 ఎంచుకున్నాను. అంటే నా నిర్ణయం మొత్తం మీరు తప్పుగా రాసిన ఆ ఒక్క గడి మీద నిలబడింది.

మీ పట్టికలో ఇంకో తప్పు కూడా ఉంది. ఎన్‌బీఏ లైవ్ 19 పీసీలోనూ దొరుకుతుందని రాశారు. అది పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్‌లకే వచ్చింది. లైవ్ గేముల్లో పీసీకి వచ్చిన చివరిది లైవ్ 08. ఇంకా చెప్పాలంటే ఈ రెండు గేముల పోటీయే ఇప్పుడు పాత కథ. 2010లో లైవ్ పేరు మార్చి ఎన్‌బీఏ ఎలైట్ 11గా తేబోతే డెమోలోనే లోపాలు బయటపడి ఆ గేమ్ విడుదలే కాలేదు. అదే ఏడాది మైకేల్ జోర్డాన్ బొమ్మతో వచ్చిన 2కే11 మార్కెట్‌ను పట్టేసింది. లైవ్ 13 కూడా రద్దయింది. లైవ్ 14తో మళ్లీ మొదలుపెట్టి లైవ్ 19 దాకా వచ్చి, ఆ తర్వాత లైవ్ 20 తేవడం లేదని ప్రకటించారు. కాబట్టి ఇవాళ పీసీ మీద ఎన్‌బీఏ ఆట కొనేవాళ్లకు 2కేనా లైవా అన్న ప్రశ్నే లేదు. వాళ్లు తేల్చుకోవాల్సింది 2కే పాత తరమా, కొత్త తరమా అన్నదే. 2కే24నే చూడండి, రెండు తరాలకూ పేరొకటే, కవర్ మీద కోబీ బ్రయంట్ బొమ్మా ఒకటే, లోపలి ఆట మాత్రం వేరు. కొనేవాళ్లకు మీరు చెప్పాల్సిన తేడా ఇదే. దాన్ని వదిలేసి, బరిలోనే లేని పోటీదారుతో పోల్చి చూపించారు.

ఇక నన్ను అన్నిటికంటే బాధపెట్టిన సంగతి. గేమ్ ఇన్‌స్టాల్ అయిన రోజు మా టీమ్ కెప్టెన్ తన పేరుతో ఒక ప్లేయర్‌ను తయారుచేయాలని ముందుకొచ్చింది. మీ పేజీలోని ఫొటో చూసినప్పటి నుంచి ఆ అమ్మాయి దాని గురించే మాట్లాడుతోంది. ఎత్తు ఎంత పెట్టాలి, ఏ పొజిషన్ ఎంచుకోవాలి అని స్నేహితురాళ్లతో ముందే అనుకుని వచ్చింది. సొంత ప్లేయర్‌తో కెరీర్ ఆడే మైకెరీర్ మోడ్ తెరిస్తే అబ్బాయి ప్లేయర్ తప్ప ఇంకో దారి లేదు. మెనూలన్నీ వెతికింది. “మేడమ్, మనకు లేదంట” అని కుర్చీలోంచి లేచింది. పీసీ వెర్షన్‌లో డబ్ల్యూఎన్‌బీఏ జట్లతో మ్యాచ్‌లు ఆడొచ్చు, సొంత ప్లేయర్‌తో కెరీర్ మాత్రం లేదు. మీరు తక్కువ చేసి చూపిన లైవ్ సంగతి చూడండి: లైవ్ 18లోనే డబ్ల్యూఎన్‌బీఏ జట్లు వచ్చాయి, 2018లో వచ్చిన లైవ్ 19లో అమ్మాయి ప్లేయర్‌ను తయారుచేసుకుని ఆడే వీలుంది. 2కేలో డబ్ల్యూఎన్‌బీఏ జట్లు చేరింది 2కే20తో. మీ పట్టికలో మాత్రం మహిళల ఆట అన్న వరసలో లైవ్‌కు లేదు అని రాసి, 2కే24 పీసీకి పూర్తి నక్షత్రాలు ఇచ్చారు.

అమ్మాయిల ఆటను ఒక అదనపు సౌకర్యంగా చూడొద్దని మిమ్మల్ని కోరుతున్నాను. మా జట్టుకు రియలిజం అంటే ముందుగా అదే. మా పిల్లలు ఆరో నంబరు బంతితో ఆడతారు. మూడు పాయింట్ల గీత మాకు 6.75 మీటర్ల దగ్గర ఉంటుంది, ఎన్‌బీఏలో పైభాగాన అది 7.24 మీటర్లు. మాకు క్వార్టర్ పది నిమిషాలు, ఎన్‌బీఏలో పన్నెండు. మాకు ఐదు ఫౌళ్లకే బయటికి రావాలి, వాళ్లకు ఆరు. రింగు ఎత్తు అందరికీ 3.05 మీటర్లే అయినా గాల్లోకి లేచి డంక్ కొట్టే ఆట మా పిల్లలు ఆడే ఆట కాదు. పాస్, స్క్రీన్, బ్యాక్ కట్, సరైన సమయంలో లేఅప్, ఇవే వాళ్ల ఆయుధాలు. డబ్ల్యూఎన్‌బీఏ ఆట దీనికి బాగా దగ్గర. అందులో తామే ఒక ప్లేయర్‌గా ఎదిగే అవకాశం కోసమే మేం చందాలు వేసుకున్నాం.

మీ కస్టమర్ కేర్ నుంచి మొదట వచ్చిన జవాబు, గేమ్ పనిచేస్తోంది కాబట్టి లోపం లేదని. గేమ్ తెరుచుకోవడం లేదని నేను ఎప్పుడూ అనలేదు. ఉందని చెప్పినవి అందులో లేవంటున్నాను. తర్వాత, కోడ్ యాక్టివేట్ చేశాక వాపసు కుదరదన్నారు. కోడ్ యాక్టివేట్ చేసి గేమ్ తెరవకుండా లోపల ఏముందో ఎవరికైనా ఎలా తెలుస్తుంది? చివరికి, పోలిక పేజీ కేవలం సమాచారం కోసమే, దానికి తమ బాధ్యత లేదన్నారు. ఆ పేజీలోనే ధర ఉంది, కొనుగోలు బటన్ ఉంది. దాన్ని ప్రకటన కాదని అంటే నేను ఒప్పుకోను.

వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు, 2020 ప్రకారం, ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోబోమని అమ్మకందారు చెప్పడానికి వీల్లేదు. ఫిర్యాదు అందినట్టు గ్రీవెన్స్ ఆఫీసర్ 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. ఈ ఉత్తరాన్ని ఆ నిబంధనల కింద ఇచ్చిన ఫిర్యాదుగా తీసుకోండి.

నేను అడుగుతున్నది ఇది. మా డబ్బు పూర్తిగా వాపసు ఇవ్వండి. లేదా ఆ కోడ్ రద్దు చేసి 2కే25 పీసీ కోడ్ ఇవ్వండి, ధరలో తేడా ఉంటే మేం కడతాం. దానికి ఇంకా బలమైన గ్రాఫిక్స్ కార్డు కావాలని తెలుసు, మా ల్యాబ్‌లో దాన్ని నడపగల కంప్యూటర్ ఒకటి ఉంది. పోలిక పేజీని వెంటనే సరిచేయండి. ప్రతి గేమ్ పక్కన అది ఏ తరం వెర్షనో, ఏ మోడ్లు ఏ మెషీన్‌లో ఉన్నాయో తెలుగులోనూ స్పష్టంగా రాయండి. పీఎస్5 ఫొటోలను పీసీ అమ్మకం పేజీలోంచి తీసేయండి. అదే పేజీ చూసి 2కే24 పీసీ కోడ్ కొన్న మిగతావాళ్లకు కూడా ఈ సంగతి మెయిల్ ద్వారా తెలియజేయండి. వాళ్లలో చాలామంది ఇంట్లో అడిగి డబ్బు తెచ్చుకున్న పిల్లలే అయి ఉంటారు. నాలాగా ఉత్తరం రాసే ఓపిక, ధైర్యం వాళ్లకు ఉండకపోవచ్చు.

నెలలోపు పరిష్కారం రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, కడపలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాళ్లు నివసించే ఊళ్లోనే ఆ కేసు వేయొచ్చు కాబట్టి మీ ఆఫీసు ఏ నగరంలో ఉన్నా నాకు ఇబ్బంది లేదు.

బిల్లు, మీ పోలిక పేజీ స్క్రీన్‌షాట్లు, మా కంప్యూటర్‌లో గేమ్ మెనూల ఫొటోలు, కస్టమర్ కేర్‌తో జరిగిన చాట్ కాపీ ఈ ఉత్తరానికి జతచేశాను. జవాబు రాతపూర్వకంగా పంపండి, ఫోన్‌లో వద్దు. దాన్ని మా పిల్లల తల్లిదండ్రులకు చూపించాలి.

ఇట్లు,
ఫిజికల్ డైరెక్టర్, బాలికల బాస్కెట్‌బాల్ జట్టు కోచ్,
కడప