ప్లాస్టిక్ ట్యాగులతో ఫ్యాన్ బిగించడం ఆపేశాం

మా దగ్గర రేడియేటర్ పని చేయించుకున్న వాహన యజమానులకు, డ్రైవర్లకు, రైతులకు నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లోని మా షాపులో గత రెండేళ్లలో కొన్ని మినీ వ్యాన్లకు, పాత కార్లకు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు బిగించాం. వాటిలో కొన్నింటికి మేము చేసిన పని సరైనది కాదు. రేడియేటర్ కోర్ (నీళ్లు పారే సన్నటి ట్యూబులు, వాటి మధ్య ఫిన్లు అనే పల్చటి రేకులు ఉండే భాగం) మధ్యలోంచి ప్లాస్టిక్ ట్యాగులు దూర్చి ఫ్యాన్‌ను నేరుగా కోర్‌కే కట్టేశాం. ఫ్యాన్ చుట్టూ ఉండి కోర్ మొత్తాన్ని వెనక నుంచి కప్పే తొడుగు, అంటే ష్రౌడ్, పెట్టలేదు. ఆ బండ్లను తీసుకొస్తే కూలి తీసుకోకుండా సరిచేసి ఇస్తాం. ఇకపై ఆ పద్ధతిలో ఒక్క ఫ్యాన్ కూడా మా షాపు నుంచి బయటికి వెళ్లదు.

ఇది ఎలా బయటపడిందో చెప్పాలి. మామిడికాయల సీజనులో నూజివీడు తోటల నుంచి నున్న మార్కెట్‌కు సరుకు తోలే వ్యాను ఒకటి మా దగ్గరకు మూడోసారి వచ్చింది. మూడుసార్లూ ఒకటే బాధ, రేడియేటర్ కారుతోంది. మొదటి రెండుసార్లు రాయి తగిలి ఉంటుందని డ్రైవరుకు చెప్పి, కారే చోట అతుకు వేసి పంపాను. మూడోసారి మాత్రం రేడియేటర్ మొత్తం దింపి, బల్ల మీద గోనెసంచి పరిచి, వెనక లైటు పెట్టి చూశాం. ట్యాగు దూర్చిన చోట రెండు ఫిన్ల వరుసలు నలిగిపోయి పక్కకు వాలాయి. పక్కనున్న ట్యూబు మీద బియ్యపుగింజంత మేర లోహం మెరుస్తోంది. చుట్టూ కూలెంట్ ఆరిపోయిన పచ్చటి మరక. నీళ్ల తొట్టిలో ముంచి గాలి ఎక్కిస్తే సరిగ్గా అక్కడి నుంచే బుడగలు వచ్చాయి. రాయి తగల్లేదు. నేను కట్టిన ట్యాగే ఆ ట్యూబును అరగదీసింది.

ట్యాగు చివర బిళ్లకు, కోర్‌కు మధ్య మెత్తటి స్పాంజి ముక్క ఉంటుంది. కొత్తలో అది అదురును మింగుతుంది. ఎండకు, ఇంజిన్ వేడికి కొన్ని నెలల్లో అట్టలా గట్టిపడి అణిగిపోతుంది. అప్పుడు ట్యాగు వదులవుతుంది. కిలోలకొద్దీ బరువున్న ఫ్యాన్ నాలుగు ట్యాగుల మీద వేలాడుతూ, గుంత వచ్చిన ప్రతిసారీ ఊగుతుంది. అల్యూమినియం ట్యూబు గోడ మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఫిన్ అయితే దాదాపు కాగితమే. నీటిని మోయడానికి, వేడిని వదలడానికి చేసిన వస్తువు మీద మోటారు బరువు వేయకూడదని నేను పని నేర్చుకున్న రోజుల్లోనే మా మేస్త్రి చెప్పారు. తొందర పని, తక్కువ ధర అంటూ ఆ మాట పక్కన పెట్టాను. ఆ వ్యాను యజమానికి కొత్త కోర్ మా ఖర్చుతోనే వేశాం. రెండుసార్లు రాయి మీద నెట్టినందుకు ఆయనకు ఎదురుగానే క్షమాపణ చెప్పాను.

ట్యాగుల తప్పు ఒక ఎత్తు. ష్రౌడ్ లేకపోవడం అంతకన్నా పెద్ద లోపం. దీన్ని మన ఆటోనగర్‌లో కొందరు ఫ్యాన్ కవర్ అంటారు, కొందరు కౌల్ అంటారు. చేయి తగలకుండా పెట్టిన అడ్డు అని చాలామంది అనుకుంటారు. అందుకే ఏదో ఒక పనికి విప్పినవారు తిరిగి బిగించకుండా వదిలేస్తారు. దాని అసలు పని వేరు, ఫ్యాన్ లాగే గాలి కోర్ మొత్తం లోంచి వచ్చేలా చేయడం. ఒక లెక్క చూడండి. 24 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు ఉన్న కోర్ వైశాల్యం 432 చదరపు అంగుళాలు. దానికి 16 అంగుళాల ఫ్యాన్ పెడితే ఆ వృత్తం వైశాల్యం 201 చదరపు అంగుళాలు. సగం కూడా కాదు. ష్రౌడ్ లేకపోతే ఫ్యాన్ తన ఎదురుగా ఉన్న ముక్క లోంచే గాలి లాగుతుంది. పక్కల నుంచి, వెనక నుంచి వేడిగాలిని కూడా పోగుచేసుకుని మళ్లీ అదే తిప్పుతుంది. నాలుగు మూలల్లో ఉన్న కోర్‌కు మీరు డబ్బు కట్టారు, కానీ బండి నిలబడి ఉన్నప్పుడు అది పనిచేయదు.

హైవే మీద ఈ లోపం బయటపడదు. బండి వేగానికి గాలి దానంతటదే ముందు నుంచి దూసుకొస్తుంది. మే నెల మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ దగ్గర ఇరుక్కున్నప్పుడో, బరువుతో ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడో ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్ర గీత వైపు వెళుతుంది. “రోడ్డు మీద బాగానే ఉంటుంది, ఊళ్లోకి రాగానే హీటెక్కుతుంది” అని ఎవరైనా అంటే ఇప్పుడు నేను మొదట ష్రౌడ్ వైపే చూస్తున్నాను. ఇంతకుముందు అదే మాటకు థర్మోస్టాట్ మార్చాను, కూలెంట్ మార్చాను, రేడియేటర్ శుభ్రం చేయించాను. కొందరి చేత ఆ డబ్బులు అనవసరంగా ఖర్చు పెట్టించాను.

మీ బండికి పరీక్ష మీరే చేసుకోవచ్చు. ఫ్యాన్ పూర్తి వేగంతో తిరుగుతున్నప్పుడు, బండి ముందు వైపు నుంచి, గ్రిల్ తీసే వీలుంటే తీసి, దినపత్రికలో ఒక పేజీని కోర్‌కు ఆనించండి. ష్రౌడ్ సరిగా ఉంటే కాగితం మధ్యలోనూ మూలల్లోనూ అంటుకుని నిలబడుతుంది. ష్రౌడ్ లేకపోతే మధ్యలో అంటుకుని మూలలు రెపరెపలాడతాయి. ఏసీ ఉన్న బండ్లలో రేడియేటర్‌కు ముందు కండెన్సర్ (ఏసీ వేడిని వదిలే, రేడియేటర్ లాంటి భాగం) ఉంటుంది కాబట్టి కాగితం దానికి అంటుకోవాలి. చేతులు, చొక్కా చివరలు ఫ్యాన్ వైపు పోనివ్వకండి. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఇంజిన్ ఆపాక కూడా తిరగవచ్చు.

ఇప్పుడు మేము చేస్తున్న పద్ధతి చెబుతాను. ఇందులో కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మీరు కట్టే డబ్బు ఇక్కడికే వెళుతుంది.

ష్రౌడ్‌ను కోర్‌కు ఎక్కడా తగిలించం. రేడియేటర్ రెండు పక్కల ఉండే గట్టి పట్టీలకు గానీ, బండి ఛాసిస్ నుంచి తెచ్చిన బ్రాకెట్లకు గానీ బిగిస్తాం. రేడియేటర్ చివర ఉండే ప్లాస్టిక్ ట్యాంకుకు రంధ్రం వేయడం, స్క్రూ దించడం అసలే చేయం. ప్రతి బోల్టు దగ్గర రబ్బరు బుష్, దాని లోపల ఇనుప గొట్టం ముక్క ఉంటాయి. బోల్టు ఎంత బిగించినా గొట్టం మీదే ఆగుతుంది, రబ్బరు నలిగిపోదు. ఈ చిన్న గొట్టం ముక్క లేకుండా చాలామంది బిగిస్తారు. ఆరు నెలలకు రబ్బరు చితికి, బోల్టు వదులై, ష్రౌడ్ టకటకా కొట్టుకోవడం మొదలవుతుంది.

రంధ్రాల సంగతి. ప్లాస్టిక్ ష్రౌడ్ అల్యూమినియం కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది. రెండడుగుల ప్లాస్టిక్ ష్రౌడ్ ఉదయం చల్లగా ఉన్నప్పటి కన్నా మధ్యాహ్నం ఇంజిన్ వేడెక్కేసరికి మూడు నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది. నాలుగు మూలలూ కదలకుండా బిగిస్తే ఆ పెరుగుదలకు చోటు లేక రంధ్రం అంచు నుంచి పగులు మొదలవుతుంది. అందుకే ఒక వైపు గుండ్రటి రంధ్రం, మరో వైపు పొడవాటి కోల రంధ్రం వేస్తున్నాం. కంపెనీ నుంచి వచ్చిన ష్రౌడ్‌లను గమనిస్తే వాటిలో కూడా ఇదే కనిపిస్తుంది. కొన్నింటిలో కింది వైపు కొక్కేల్లోకి దించి, పైన రెండే బోల్టులు ఉంటాయి. ఆ కొక్కెం విరిగిందని పైన ఇంకో రెండు స్క్రూలు కొట్టకండి.

ష్రౌడ్ అంచుకు, రేడియేటర్‌కు మధ్య చుట్టూ రబ్బరు పట్టీ వేస్తాం. వేలు దూరే సందు ఉన్నా గాలి కోర్ లోంచి రాకుండా ఆ సందులోంచే వస్తుంది. గాలికి సులువైన దారి దొరికితే కష్టమైన దారిలో ఎందుకు వెళుతుంది?

లారీలు, ట్రాక్టర్లలో ఫ్యాన్ ఇంజిన్‌కే ఉంటుంది. అక్కడ అసలు చిక్కు వేరే. రేడియేటర్, ష్రౌడ్ ఛాసిస్ మీద స్థిరంగా ఉంటాయి, ఇంజిన్ తన మౌంటింగుల (ఇంజిన్‌ను మోసే రబ్బరు దిమ్మల) మీద ఊగుతుంది. కాబట్టి రెక్క కొసకు, ష్రౌడ్ వలయానికి మధ్య చుట్టూ సుమారు అర అంగుళం నుంచి అంగుళం దాకా ఖాళీ వదలాలి. మరీ ఎక్కువ వదిలితే గాలి ఆ ఖాళీలోంచి వెనక్కి తిరుగుతుంది. తక్కువ వదిలితే రెక్క వలయాన్ని కొడుతుంది. ఇటీవల వచ్చిన ఒక టిప్పర్‌లో ష్రౌడ్ కింది భాగం మొత్తం కోసుకుపోయింది. ఎక్కడో ఒక మెకానిక్ “ఇదే అడ్డం వస్తోంది” అని దాన్ని పీకి పారేశారట. అసలు కారణం ఇంజిన్ ముందు మౌంటింగ్ రబ్బరు కుంగిపోయి ఇంజిన్ కిందికి దిగడం. ఇంకొంచెం దిగితే రెక్క కోర్‌నే చీల్చేది. మౌంటింగ్ మార్చి, తర్వాత ష్రౌడ్ పెట్టాం. వలయంలో పై ఖాళీ ఎక్కువ, కింది ఖాళీ తక్కువ అయితే ముందు మౌంటింగ్ చూడాలి.

రెక్క లోతు కూడా ముఖ్యమే. కోర్ లోంచి గాలిని లాగే ఫ్యాన్ రెక్క వెడల్పులో మూడింట రెండు వంతులు వలయం లోపల ఉండి, ఒక వంతు ఇంజిన్ వైపు బయట ఉండాలి. పూర్తిగా లోపలికి దిగిపోతే గాలి పక్కలకు వదలలేక ఉక్కిరిబిక్కిరి అవుతుంది. గాలిని రేడియేటర్ వైపు నెట్టే ఫ్యాన్‌కు ఇది తిరగబడుతుంది, ఒక వంతు లోపల, రెండు వంతులు బయట.

నెట్టే ఫ్యాన్లు ఎక్కువగా జనరేటర్లకు ఉంటాయి. భీమవరం, కైకలూరు వైపు చేపలు, రొయ్యల చెరువుల రైతులు ఈ ముక్క చదవాలి. రాత్రి కరెంటు పోయినప్పుడు చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు తిప్పేది ఆ జనరేటరే. అది హీటెక్కి ఆగిపోతే చెరువులో ప్రాణవాయువు పడిపోతుంది, తెల్లారేసరికి పంట పోతుంది. వచ్చిన జనరేటర్లలో చాలావాటికి రేడియేటర్ బాగానే ఉంది. వాన పడకుండా షెడ్డు కట్టి, రేడియేటర్ ముఖాన్ని గోడకు దగ్గరగా పెట్టారు. వేడిగాలి గోడకు కొట్టుకుని తిరిగి ఫ్యాన్ వెనక్కే చేరుతోంది. రేడియేటర్ ముఖం నుంచి గోడలోని కిటికీ దాకా రేకుతో గొట్టంలా దారి కడితే చాలు. కొలతలు తెస్తే రేకు మేమే మడిచి ఇస్తాం. మధ్యలో మందపాటి క్యాన్వాస్ జోడింపు పెట్టమని చెబుతున్నాం, లేకపోతే ఇంజిన్ అదురు రేకును చీలుస్తుంది.

వరికోత యంత్రాల యజమానులకు ఒక మార్పు. వాటిలో రేడియేటర్ పక్కనో ముందో హైడ్రాలిక్ ఆయిల్ కూలర్ కూడా ఉంటుంది. పొట్టు, ధూళి రెండింటి మధ్య ఇరుక్కుంటుంది. ష్రౌడ్ తీయడానికి గంట పడితే కోతల రోజుల్లో ఎవరూ తీయరు, తీయమనడం న్యాయం కూడా కాదు. అందుకని వీటికి ష్రౌడ్‌ను రెండు ముక్కలుగా చేసి, పై ముక్కను రెక్కనట్లతో పెడుతున్నాం. పానా లేకుండా విప్పవచ్చు. ఇంజిన్ ఆపి, చల్లారాక, ఫ్యాన్ వైపు నుంచి బయటికి గాలి కొట్టండి. సర్వీసింగ్ పంపుతో దగ్గర నుంచి నీళ్లు కొడితే ఫిన్లు వాలిపోయి కోర్ గోడలా మారుతుంది.

ఇక ధర, సమయం. ట్యాగులతో రెండు గంటల్లో అయ్యే పనికి ఇప్పుడు ఒక రోజు పడుతోంది. కొలత తీసి, అట్టతో నమూనా కత్తిరించి, బండిలో పెట్టి చూశాకే రేకు కోస్తున్నాం. అందువల్ల కొత్తగా ఫ్యాన్ బిగించే పనికి కూలి 800 రూపాయలు పెంచాం. రేకు, రబ్బరు, బోల్టుల ఖర్చు బిల్లులో విడిగా రాస్తాం. కంపెనీ ష్రౌడ్ బజారులో దొరికే బండ్లకు రేకుది చేయం, కంపెనీదే తెచ్చుకోమంటాం. అది ఆ కోర్‌కు, ఆ ఫ్యాన్‌కు లెక్క వేసి చేసినది.

మేము ట్యాగులతో కట్టిన బండ్లకు ఈ కూలి ఉండదు. బిల్లు పోయినా పరవాలేదు. బండి ముందు నుంచి చూస్తే కోర్ మీద నాలుగు గుండ్రటి నల్ల ప్లాస్టిక్ బిళ్లలు కనిపిస్తాయి. మా పుస్తకంలో బండి నంబరు చూసి పని మొదలుపెడతాం. ట్యూబు అరిగి కారుతుంటే కోర్ ఖర్చు పూర్తిగా మాదే. అరుగుదల ఉండి ఇంకా కారకపోతే ప్రెషర్ పరీక్ష మీ ఎదురుగానే చేసి, మార్చాలో వద్దో మీరు చూశాకే నిర్ణయిస్తాం. అరిగిన అల్యూమినియం ట్యూబుకు జిగురు పూసి పంపడం మానేశాం, అది ఒక వేసవి కూడా నిలవదు.

ఒక మనవి. ఏసీ పనికో, బెల్టు మార్చడానికో బండి ఎక్కడ ఇచ్చినా, తిరిగి తీసుకునేటప్పుడు బానెట్ ఎత్తి ష్రౌడ్ ఉందో లేదో, బోల్టులు అన్నీ వచ్చాయో లేదో చూసుకోండి. తీసేసిన ష్రౌడ్‌ను ఇంట్లో మూలన పడేసి ఉంటే పారేయకండి, పగిలినా సరే తీసుకురండి. కొలతకు పనికొస్తుంది.

రోజుకు మూడు బండ్లకు మించి తీసుకోలేం, అట్ట నమూనా పని మా పెద్ద మేస్త్రి ఒక్కరే చేస్తారు. దూరం నుంచి వచ్చేవారు ముందురోజు ఫోను చేసి రండి. వీలైతే బండిని ముందురోజు రాత్రే షాపు దగ్గర వదలండి. వేడి రేడియేటర్ మూత తీయం, చల్లారేదాకా పని మొదలవదు, ఆ రెండు గంటలు మీవే పోతాయి.