గర్భిణికి పెన్సిలిన్ ఆ రోజే వేయాలి

సంపాదకులకు నమస్కారం.

గర్భిణులకు చేసే రక్తపరీక్షల్లో హెచ్‌ఐవీతో పాటు సిఫిలిస్, అంటే సవాయి రోగం కూడా చూస్తారు. వేలి నుంచి చుక్క రక్తం తీస్తే ఇరవై నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. కిట్‌పై రోగం ఉందని చూపే గీత పడ్డాకే అసలు చిక్కు. ‘పెద్దాసుపత్రికి వెళ్లమ్మా’ అని చీటీ రాసిస్తే బస్సు చార్జీ, పోయే కూలి, ఇంట్లో ఏం చెప్పాలన్న దిగులు కలిసి ఆ ప్రయాణం వాయిదా పడుతుంది. కాన్పుకు కనీసం 30 రోజుల ముందు మందు పడకపోతే బిడ్డకు వైద్యం అందినట్లు కాదు. కడుపులోనే బిడ్డ చనిపోవచ్చు.

పెద్దాసుపత్రికి పంపేయడానికి కారణం, ఈ రోగానికి వేసే పెన్సిలిన్ సూది వల్ల రియాక్షన్ వస్తుందన్న భయం. రుమాటిక్ గుండెజబ్బు పిల్లలకు మూడు వారాలకోసారి వేసేదీ ఈ బెంజథిన్ పెన్సిలినే కదా! అలర్జీ ఉందేమో అడిగి, టెస్ట్ డోసు వేసి, రియాక్షన్ వస్తే వేసే అడ్రినలిన్ ఆంపుల్ పక్కనే ఉంచుకుని, సూది వేశాక అరగంట కూర్చోబెడితే పీహెచ్‌సీలోనే వేయొచ్చు. మోతాదు 24 లక్షల యూనిట్లు. 12 లక్షల వయల్ ఒక్కో పిరుదుకు ఒకటి, కండరంలో లోతుగా, నెమ్మదిగా. రక్తనాళంలోకి పోనే కూడదు. కలిపిన మందు చిక్కగా ఉంటుంది, ఆలస్యమైతే సూది మూసుకుపోతుంది. రోగం ఎప్పుడు సోకిందో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు డోసులు. మధ్యలో 14 రోజులు దాటనివ్వకూడదు.

ఆ రాత్రి జ్వరం, ఒళ్లునొప్పులు వస్తే అది క్రిములు చావడం వల్లే, అలర్జీ కాదు. బిడ్డ కదలిక తగ్గినా, నొప్పులు మొదలైనా మాత్రం వెంటనే ఆసుపత్రికి రావాలని ముందే చెప్పాలి.

సూదికి బదులు అజిత్రోమైసిన్ మాత్రలిచ్చి పంపితే తల్లికి తగ్గినట్లుంటుంది గానీ ఆ మందు మాయను (ప్లాసెంటాను) సరిగా దాటదు, బిడ్డకు అందదు. డాక్సీసైక్లిన్ గర్భిణికి పనికిరాదు. భర్తకు వైద్యం చేయకపోతే రోగం మళ్లీ ఆమెకే అంటుకుంటుంది. అతన్ని సుఖవ్యాధులకు వైద్యం చేసే ప్రభుత్వ సురక్ష క్లినిక్‌కు పంపాలి.

శ్రీలంక 2019లోనే తల్లి నుంచి బిడ్డకు సిఫిలిస్ సోకడాన్ని నిర్మూలించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరణ పొందింది. మనమూ ప్రతి పీహెచ్‌సీలో పెన్సిలిన్, అడ్రినలిన్ నిల్వలు ఉంచి, స్టాఫ్ నర్సులకు తర్ఫీదు ఇవ్వాలి.

వైద్యం అయ్యాకా ఆ కిట్‌లో గీత జీవితాంతం కనిపించవచ్చు. అందుకే ఆర్‌పీఆర్ టైటరు (వైద్యం పనిచేసిందో లేదో అంకెల్లో చూపే రక్తపరీక్ష ఫలితం), డోసుల తేదీలు రికార్డులో ఉండాలి. అవి లేకపోతే పుట్టిన బిడ్డకు అవసరం లేకున్నా పది రోజులు పెన్సిలిన్ వేయాల్సి రావచ్చు.

— ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, ఏలూరు