మా బాబు కోసం పరిగెత్తిన అందరికీ కృతజ్ఞతలు

మా బాబు మళ్లీ మెత్తగా కలిపిన పెరుగన్నం తింటున్నాడు. అన్నవాహికలో కాలిన చోట పుండు మానుతోందని డాక్టరు గారు చెప్పారు. ఈ కబురు ముందుగా మాకు అండగా నిలబడ్డవాళ్లకే చెప్పాలి.

సంగతి తెలియనివాళ్ల కోసం రాస్తున్నా. రెండేళ్ల మా వాడు లైట్లు వెలిగే కారు బొమ్మలోని, బిళ్లలా గుండ్రంగా ఉండే బటన్ బ్యాటరీ మింగేశాడు. ఆ బొమ్మకి బ్యాటరీ మూత ఉందిగానీ స్క్రూ లేదు, గోరు పెట్టి లాగితే ఊడొచ్చేస్తుంది. చొంగ కారుస్తూ గుటక వేయలేక ఏడుస్తున్న పిల్లాణ్ని చూడగానే, కింది పోర్షన్‌లో ఉండే రిటైర్డ్ నర్సు పిన్ని గారు "వాంతి చేయించొద్దు, ఏమీ తినిపించొద్దు, ముందు బయల్దేరండి" అని తనే ఎత్తుకుని ఆటో ఎక్కారు. పిన్ని గారూ, మీ రుణం తీర్చుకోలేం.

మొదట వెళ్లిన చోట ఎక్స్‌రే చూసి "రూపాయి బిళ్ల అయ్యుంటుంది, దానంతటదే దిగిపోతుంది" అన్నారు. రెండో ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న పిల్లల డాక్టరమ్మ అదే ఫిల్మును లైటుకి ఎదురుగా పట్టుకుని, గుండ్రటి అంచు లోపల ఇంకో సన్నటి వలయం చూపించారు. బిళ్లకి అలా రెండు గీతలు ఉండవట. ఈ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే, ఆ తడికి కరెంటు పారి, క్షారం పుట్టి, రెండు గంటల్లోనే కండను కాల్చేస్తుందని చెబుతూనే, నోట్లోంచి గొట్టం దింపి దాన్ని బయటికి తీసే ఎండోస్కోపీకి ఏర్పాట్లు చేయించారు. అర్ధరాత్రి ఇంటి నుంచి వచ్చిన మత్తు డాక్టరు గారికి, థియేటర్ సిస్టర్లకి చేతులెత్తి దండం పెడుతున్నాం.

ఇక మా లాయరు గారు. రూపాయి ఫీజు తీసుకోలేదు. "బొమ్మ, డబ్బా, బిల్లు, తీసిన బ్యాటరీ, డిశ్చార్జి కాగితాలు, ఏదీ పారేయకమ్మా" అన్నది ఆయన మొదటి మాట. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. మా డబ్బా మీద ఆ మార్కూ లేదు, ఆ మార్కు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల 'బీఐఎస్ కేర్' యాప్‌లో సరిచూసుకునే లైసెన్సు నంబరూ లేదు, అసలు తయారు చేసినవాళ్ల పేరే లేదు. (ఫలానా ఊరి ప్రత్యేకత అని ఇచ్చే జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు కింద నమోదైన మన కొండపల్లి, ఏటికొప్పాక కళాకారుల బొమ్మలకి మాత్రం ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది, వాటిని చూసి భయపడకండి.) తయారీదారు ఎవరో తెలియనప్పుడు అమ్మినవాళ్లే బాధ్యులని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోందని ఆయన చెప్పేదాకా మాకు తెలియదు. దుకాణం వాళ్లేమో "పిల్లాణ్ని మీరే చూసుకోవాలి" అని చేతులు దులిపేసుకున్నారు.

జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. కొన్న వస్తువు ధర ఐదు లక్షల లోపైతే కోర్టు ఫీజే లేదు, రెండేళ్లలోపు వేస్తే చాలు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, నాతో తెలుగులోనే మాట్లాడారు. అదే సరుకు ఇంకా ఆ దుకాణంలో వేలాడుతోంది కాబట్టి బీఐఎస్‌కి కూడా ఫిర్యాదు పంపాం. ఇంకో ఇంటికి అది చేరకూడదు.

ఆ రాత్రి మమ్మల్ని రెండు ఆసుపత్రులకీ తిప్పిన ఆటో అన్న డబ్బులు కూడా తీసుకోకుండా వెళ్లిపోయాడు. ఆయన ఎవరో తెలిసినవాళ్లు ఉంటే బాబు బాగున్నాడని చెప్పండి, ఒకసారి మా ఇంటికి రమ్మనండి.