వెనక వరుసలో కూర్చున్న అక్కకి

పోయిన ఆదివారం ఆరాధనలో నా పక్కన కూర్చున్న అక్కా, మీ పేరు అడగడం మర్చిపోయాను, అందుకే ఇలా రాస్తున్నాను. అమ్మ పోయాక ఆరు నెలలకి మళ్లీ చర్చికి వచ్చాను. అందరూ చప్పట్లు కొడుతూ స్తుతి పాటలు పాడుతుంటే నాకు నోరు పెగల్లేదు, పైగా ఆ స్పీకర్ల మోత ఒకటి. వెళ్లిపోదామని బ్యాగు తీసుకున్నాను. మీరు చూశారు. ఏమైందని అడగలేదు, విశ్వాసం ఉంచమని క్లాసూ పీకలేదు. అంచులు నలిగిన మీ బైబిల్ నా ఒళ్లో పెట్టి 88వ కీర్తన మీద వేలు ఆనించారు, అంతే. 18 వచనాలు. విలాప కీర్తనలు చాలావరకు చివరికొచ్చేసరికి స్తుతివైపు తిరుగుతాయి కదా, ఇది మాత్రం చీకటి దగ్గరే ఆగిపోతుంది. అలా ఆగిపోయినదాన్ని కూడా 150 కీర్తనల్లో ఒకటిగా ఉంచారని, అదీ ప్రార్థనేనని నాకు అంతవరకు తట్టనే లేదు. ఆ రోజు పాట పాడలేదు కానీ, చివరిదాకా కూర్చున్నాను. చాలా థ్యాంక్స్ అక్కా. మీ కళ్లజోడు తుడుచుకునే గుడ్డ నా బ్యాగులోనే ఉండిపోయింది, వచ్చే ఆదివారం తెస్తాను.