గోదాములో ఉన్నది వింత పక్షి కాదు

సంపాదకులకు,

మొన్న మీ జిల్లా పేజీలో 'పాత గోదాములో వింత పక్షి పిల్లలు' అంటూ ఫొటో వేశారు. అవి తెల్ల గూబ పిల్లలు. 2017లో విశాఖపట్నంలో ఇలాంటివే ఒక భవనంలో కనిపిస్తే, గ్రహాంతరవాసులంటూ ఆ వీడియో దేశాలు తిరిగొచ్చింది. మా కోనసీమలో ఈ గూబనే చావుపిట్ట అంటారు, అదంటే అందరికీ భయమే గానీ, దాన్ని నిదానంగా చూసినవాళ్లు తక్కువ.

తమలపాకు ఆకారంలో తెల్లటి ముఖం, నల్లటి కళ్లు, పొడుగు కాళ్లు. నెత్తిన కొమ్ముల్లాంటి ఈకలుండవు. గూ గూ అని కూయదు, గుడ్డ చింపినట్టు కీచుమంటుంది. పిల్లలు తిండి కోసం రాత్రంతా గురకలాంటి చప్పుడు చేస్తాయి, మనం దగ్గరికెళ్తే బుసకొడతాయి. 'లోపల పాము కూడా ఉందని స్థానికుల అనుమానం' అని రాశారే, ఆ పాము ఇదేనండీ.

వార్త వచ్చిన మర్నాడే పెంకులు దించి, పిల్లల్ని బుట్టలో పెట్టుకుపోయారు. ఎక్కడికో చెప్పేవాళ్లు లేరు. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఎగరడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది. అన్నాళ్లు పెంకుల పని ఆగకూడదా? గూబను పట్టినా అమ్మినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. అయినా దీపావళి ముందు క్షుద్రపూజలకని కొనేవాళ్లున్నారు. నా భయం అదే.

నేను మూడెకరాలు కౌలు చేస్తున్నాను. వరి పొట్టకొచ్చేసరికి ఎలుకలు దుబ్బులు కొరికేస్తాయి. నూకల్లో నూనె, బ్రోమోడయోలిన్ అనే ఎలుకల మందు కలిపి పొట్లాలు కట్టి కలుగుల్లో వేస్తాం. అది తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్నాళ్లు మత్తుగా గట్ల మీద తిరుగుతుంది. దాన్ని తిన్న గూబకూ ఆ విషం ఎక్కుతుంది. కటిక చీకట్లో చెవితోనే ఎలుకను పట్టే పిట్ట ఇది. మలేసియాలో పామాయిల్ తోటల్లో దీనికి పెట్టెలు కట్టి మరీ రప్పించుకుంటున్నారు. కొబ్బరికి ఎలుకల బెడద తగ్గించడానికి లక్షద్వీప్‌కూ తీసుకెళ్లారు. మన దగ్గరికి పిలవకుండానే వచ్చింది, తరిమేశాం.

సామూహిక ఎలుకల నివారణ పెట్టినప్పుడు చచ్చిన ఎలుకల్ని ఏరి పూడ్చమని కూడా వ్యవసాయ శాఖ గట్టిగా చెప్పాలి. చేల గట్ల మీద కొన్ని గూటి పెట్టెలు కట్టించినా పెద్ద ఖర్చేం కాదు.

పెద్ద గూబ రాత్రిళ్లు ఇంకా ఆ గోదాము మీదకొచ్చి వాలుతోంది. పిల్లలు ఎక్కడున్నాయో అటవీ శాఖను అడిగి మీ విలేకరి రాయాలి. ఈసారి పేరు సరిగ్గా వేయండి.

– ఒక కౌలు రైతు, అమలాపురం