బీమా కంపెనీకి జబ్బు సంగతి చెప్పాలి

సంపాదకులు గారికి,

కొన్నేళ్లుగా ఇన్సులిన్ తీసుకుంటున్న నాకు గత నెల కారు నడుపుతుండగా షుగర్ పడిపోయి, చేతులు వణికి, ముందున్న లారీ రెండుగా కనిపించడంతో బండిని రోడ్డు పక్కకు తీసి ఆపవలసి వచ్చింది. ఇంటికొచ్చి బీమా ప్రతిపాదన పత్రం తీసి చూస్తే, డ్రైవరుకు చూపు, వినికిడి లేదా శారీరక లోపాలేమైనా ఉన్నాయా అన్న ప్రశ్నకు ఏజెంటు నన్ను అడగకుండానే ‘లేదు’ అని టిక్కు పెట్టి ఉన్నాడు. కింద సంతకం మాత్రం నాదే.

లైసెన్సు కోసం ఇచ్చే ఫారం-1లో మూర్ఛ, హఠాత్తుగా స్పృహ తప్పడం, కళ్లు తిరగడం గురించి సూటిగా అడుగుతారు గానీ, ఆ లైసెన్సు ఏళ్ల తరబడి చెల్లుతుంది, జబ్బు మధ్యలో వస్తుంది. కీలక విషయం దాచి పొందిన పాలసీ చెల్లదని వాదించే వీలు 1988 మోటారు వాహనాల చట్టమే బీమా కంపెనీకి ఇచ్చింది. ప్రీమియం పెరుగుతుందేమోనన్న భయంతో చాలామంది నోరు మెదపరు. (రెన్యువల్‌కు మూడుసార్లు ఫోన్ చేసేవారు ఆరోగ్యం సంగతి ఒక్కసారీ అడగరు.) నేను డాక్టరు చీటీ జతచేసి కంపెనీకి లేఖ రాసి, రసీదు తీసుకున్నాను. ప్రతి రెన్యువల్‌లోనూ ఈ ప్రశ్నను తెలుగులో విడిగా అడిగేలా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, విజయవాడ