బోర్డు కొలిచే ముందు రోడ్డు కొలవండి

సంపాదకులు గారికి నమస్కారం.

దసరా, దీపావళి బేరాలకోసం చిన్న పట్టణాల్లో షాపులవాళ్ళు ప్రకటనల ఖర్చు లెక్కలు వేసుకునే రోజులు దగ్గర పడ్డాయి. బట్టల కొట్టయినా, ఫర్నిచర్ షాపయినా, కోచింగ్ సెంటరయినా ఫ్లెక్సీ దుకాణానికి రాగానే అడిగేది ఒక్కటే: "అడుగు ఎంత?" ఆ రేటు తెలుసుకుని, చేతిలో ఉన్న డబ్బుకి ఎంత పెద్దది వస్తే అంతది వేయించేస్తారు. దాన్ని ఎవరు, ఎంత దూరంనుంచి, ఎన్ని సెకన్లు చూస్తారో ఆలోచించేవాళ్ళు తక్కువ. కష్టపడి సంపాదించిన డబ్బు గాలికి పోయేది ఇక్కడే. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

అక్షరం ఎత్తు ఒక అంగుళం ఉంటే పది అడుగుల దూరంనుంచి సుఖంగా చదవచ్చని బోర్డుల పనిలో ఒక లెక్క ఉంది. 80 అడుగుల రోడ్డుకి అవతలివైపు నడిచే మనిషి చదవాలంటే 8 అంగుళాల అక్షరం కావాలన్నమాట. ఇంగ్లీషుకి ఈ లెక్క సరిపోతుంది, తెలుగుకి మాత్రం ఇంకొంచెం ఆలోచించాలి. మన అక్షరానికి పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. 'శ్రీ లక్ష్మీ వస్త్రాలయం' అనే పేరు తీసుకోండి. 'క్ష్మీ'లో పైన గుడిదీర్ఘం, కింద మ ఒత్తు. 'స్త్రా'లో త ఒత్తు, దాంతోపాటు క్రావడి. ఈ వరస మొత్తాన్ని బోర్డు ఎత్తులో ఇరికిస్తే, ఆ రెండు అక్షరాలు పట్టడంకోసం మిగతావన్నీ చిక్కిపోతాయి. డిజైనర్ చూపించే కొలత వరస మొత్తానిది. మీరు కొలవాల్సింది ఒత్తూ గుడీ లేని 'ల' ఎత్తు. ఆ 'ల' 8 అంగుళాలు రావాలంటే వరసకి 16 అంగుళాలయినా వదలాలి. మూడడుగుల బోర్డంటే 36 అంగుళాలు, పైనా కిందా మూడేసి వదిలితే మిగిలేది 30. అందులో పేరుకి ఒక వరస, కింద ఏం అమ్ముతారో చెప్పడానికి చిన్న వరస ఇంకొకటి పడతాయి. నాలుగు ఫోన్ నంబర్లకి, ప్రొప్రైటర్ పేరుకి, 'మా వద్ద అన్ని రకముల' అంటూ పది ఐటములకి అక్కడ చోటు లేదు. ఆ వివరాలన్నీ గల్లా దగ్గర ఇచ్చే విజిటింగ్ కార్డు మీద వేసుకోండి.

అక్షరం మందం కూడా చూడాలి. 'ప'కీ 'వ'కీ తేడా అంతా తలకట్టు దగ్గర ఉన్న చిన్న సందులోనే ఉంది. లావుపాటి అక్షరానికి చుట్టూ తెల్ల ఔట్‌లైన్, దాని మీద నల్ల నీడ వేస్తే ఆ సందు మూసుకుపోతుంది, దూరంనుంచి 'ప' కాస్తా 'వ' అయిపోతుంది. 'థ' లోపలి చుక్కదీ ఇదే పరిస్థితి. పసుపు మీద నలుపు, ముదురు నీలం మీద తెలుపు వేసి నీడలు మానేస్తే చాలు, బాగా కనబడుతుంది. ఎరుపు అందరికీ ఇష్టమే. కానీ ఫ్లెక్సీ మీద ఎండకి ముందు వెలిసేవి ఎరుపు, పసుపులే. రెండు వేసవులు పోయేసరికి బోర్డంతా నీలంగా పాలిపోయి కనబడుతుంది.

ఫైలు పంపడంలో జరిగే పొరపాట్లు రెండున్నాయి. డీటీపీలో చాలామంది ఇప్పటికీ 'అను' అనే పాత తరహా తెలుగు ఫాంట్లే వాడతారు. అక్షరాల మధ్య ఖాళీ పెంచితే వీటిలో ఒత్తు తన అక్షరాన్ని వదిలి పక్కకి జరుగుతుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే తెలుగంతా పిచ్చి గుర్తులవుతుంది. అచ్చుకి పంపేముందు అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పనిలేని గీతల బొమ్మలుగా మార్చాలి. మార్చాక తప్పు దిద్దడం కష్టం కాబట్టి, అంతకుముందే కాగితం మీద ప్రింటు తీసి ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు చూసుకోవాలి. రెండోది వాట్సాప్ ఫొటో. మామూలుగా పంపిన ఫొటో వెడల్పు సుమారు 1600 పిక్సెళ్ళకి తగ్గిపోతుంది. దాన్ని 20 అడుగులకి సాగదీస్తే అంగుళానికి ఏడు చుక్కలు కూడా రావు, చీర అంచు మీద జరీ పనంతా గళ్ళుగళ్ళుగా కనబడుతుంది. ఫొటోని డాక్యుమెంట్‌గా పంపితే ఈ బాధ ఉండదు.

ఫ్లెక్సీ తీసుకునేటప్పుడు మందం అడగండి. 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. వెనకనుంచి లైటు వచ్చే పెట్టెకి బ్యాక్‌లిట్ రకమే వాడాలి. చౌకగా వస్తుందని, ముందునుంచి లైటు పడేచోట వాడే ఫ్రంట్‌లిట్ బిగిస్తే రాత్రిపూట మచ్చలు మచ్చలుగా వెలుగుతుంది. పొడవు, ఎత్తు రెండూ పది అడుగులు దాటిన ఫ్లెక్సీకి సాధారణంగా అతుకు పడుతుంది. ఆ అతుకు పేరు మధ్యనుంచో, మనిషి ముఖం మీదనుంచో పోకుండా ముందే చెప్పి వేయించుకోవాలి.

ఇక హోర్డింగులు. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు దాటుతుంది. 100 మీటర్ల దూరంలో బోర్డు కనబడినా మీకు దక్కేది ఆరు సెకన్లు. అందులో నడిపేవాడు రోడ్డు మీదనుంచి చూపు తిప్పేది రెండు మూడు సెకన్లే. ఆరేడు మాటలకి మించి రాయించినవన్నీ దండగ. అదే డబ్బుతో ఆర్టీసీ బస్సు వెనక ప్యానెల్ తీసుకుంటే, సిగ్నల్ దగ్గర ఆగిన టూవీలర్లవాళ్ళు ఫోన్ నంబరు కూడా చదువుకోగలరు. పల్లెటూళ్ళలో అయితే స్పీడ్ బ్రేకర్ దగ్గరో, మలుపులోనో ఉన్న గోడ మీద రాయించడమే మేలు. ఇంటివాళ్ళని అడిగి, పాత రాత కనబడకుండా సున్నం కొట్టించి, పూర్తిగా ఆరాకే రంగు వేయించాలి. తడి మీద వేస్తే వానాకాలం రాగానే పెచ్చులూడిపోతుంది.

హోర్డింగ్ సైట్ మాట్లాడుకునేముందు ఏజెంటు ఫోన్‌లో చూపించే ఫొటో నమ్మకండి. మీ కస్టమర్లు వచ్చే వైపునుంచి, వాళ్ళు వచ్చే వేళకి, బండి మీద రెండుసార్లు వెళ్ళి చూడండి. సాయంత్రం పడమటికి వెళ్ళేవాళ్ళకి ఎదురుగా ఉన్న బోర్డు వెనక సూర్యుడుంటే అది నల్లటి పలకలా ఉంటుంది. ఆకు రాలే కాలంలో చూసి ఖాయం చేసుకున్న సైట్ వానలు పడ్డాక కొమ్మల చాటుకి పోతుంది. మున్సిపాలిటీ అనుమతి కాపీ, ఇనుప స్ట్రక్చర్‌కి ఇంజినీరు ఇచ్చిన సర్టిఫికెట్ చేతికి వచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి. 2024 మే 13న ముంబయి ఘాట్‌కోపర్‌లో ఈదురుగాలికి కూలి 17 మందిని పొట్టనబెట్టుకున్న హోర్డింగ్ 120 అడుగులకు 120 అడుగులు. అక్కడ అనుమతించే పరిమితి 40కి 40. హైదరాబాద్‌లో నేలనుంచి 15 అడుగుల ఎత్తుకి మించి ప్రకటనలు కూడదని 2020లో జీవో 68 వచ్చింది. మన కోస్తాలో దసరా, దీపావళి బేరాల కాలమే తుపాన్ల కాలం కూడా. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. తుపాను హెచ్చరిక వస్తే ఫ్లెక్సీ ఎవరు దించాలి, మళ్ళీ ఎవరు కట్టాలి, ఆ రోజుల అద్దె ఎవరిదో అగ్రిమెంటులోనే రాసుకోవాలి.

దినపత్రికల మధ్యలో పెట్టి పంచే కరపత్రాలు చవక, కానీ దారిలోనే పోయేవి ఎక్కువ. ఊళ్ళో పేపర్లు ఎన్ని పడతాయో ఏజెంట్లను అడిగాకే అచ్చుకి ఇవ్వండి. రెండువైపులా అచ్చయితే పల్చటి కాగితం పనికిరాదు, వెనక అక్షరాలు ఇటు కనబడతాయి, 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి 80 గ్రాములు) అయినా ఉండాలి. మరీ నున్నటి ఆర్ట్ పేపరేమో సైకిల్ మీదే జారిపోతుంది. ఆదివారం నాలుగైదు కరపత్రాలు ఒకదానిలో ఒకటి దూరి వస్తాయి, వారం మధ్యలో పెట్టించుకోవడం నయం. ముందురోజు సాయంత్రమే కట్టలు అందజేసి, తెల్లవారుజామున పేపర్లు సర్దేచోట ఒక మనిషిని నిలబెట్టండి. అలా చూసుకోకపోతే కొన్ని కట్టలు పాత పేపర్ల కొట్టుకే చేరతాయి.

పత్రికా ప్రకటనల విషయానికొస్తే, 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాకే ఊళ్ళో కొట్టువాళ్ళకి అందుబాటు ధరలో చోటు దొరికింది. ఆ చోటుని సరిగా వాడుకోవాలి. పత్రికలు అచ్చువేసే న్యూస్‌ప్రింట్ కాగితం సిరాని పీలుస్తుంది, నాలుగు రంగులూ కాస్త అటూఇటూ పడతాయి. ముదురు రంగు మీద సన్నటి తెల్ల అక్షరాలు వేస్తే పూడుకుపోతాయి. లేత రంగు మీద నలుపే వేయించండి, ఫొటోలు కాస్త తెల్లగా చేయించండి. ఒక్కరోజు అర పేజీ వేసి ఊరుకునేకంటే, 8 సెంటీమీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తున్న ప్రకటన అదే పేజీలో వరసగా వారాల తరబడి రావడం మేలని మా నమ్మకం.

ఏది పనిచేసిందో తెలియాలంటే గల్లా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంచండి. బోర్డు, పేపరు, కరపత్రం, తెలిసినవాళ్ళు చెప్పగా వచ్చినవాళ్ళు అని నాలుగు గళ్ళు గీసి, "మా షాపు సంగతి ఎలా తెలిసిందండీ?" అని అడిగి ఒక గీత పెట్టండి. ఫోన్లకోసం ఒక్కోదాని మీద ఒక్కో నంబరు వేయండి. మూడు వారాలు అలా రాసిపెట్టుకుంటే వచ్చే ఏడాది డబ్బు ఎక్కడ పెట్టాలో స్పష్టంగా కనబడుతుంది.

మీ పత్రిక యాజమాన్యానికి కూడా ఒక విన్నపం. పత్రికల కాపీల లెక్కలు తనిఖీ చేసే ఏబీసీ సంస్థ ఆరు నెలలకోసారి సర్క్యులేషన్ సర్టిఫికెట్లు ఇస్తుంది. కానీ చిన్న షాపువాడికి కావలసింది తన మండలంలో ఎన్ని కాపీలు పడతాయన్న సంఖ్య. ప్రకటనల కౌంటర్లో రేటు కార్డు పక్కనే ఆ మండలాల పట్టిక కూడా ఉంచండి. ప్రకటన ప్రూఫ్‌ను కంప్యూటర్ తెర మీద చూపించి ఊరుకోకుండా, న్యూస్‌ప్రింట్ ముక్క మీద ప్రింటు తీసి చూపించే ఏర్పాటు చేయండి.

ఇట్లు,
ప్రకటనల డిజైనింగ్, ఫ్లెక్సీ ముద్రణ పనివారు,
తెనాలి